వెనకాల ఇల్లు కట్టుకుని బయల్దేరేవారికి

మామూలుగా నడిపే కారుకి ఎక్కడ బ్రేకు వేయాలో కాలికే తెలుసు. అదే కారు వెనకాల ట్రైలర్, దాని మీద పడవ, ఆ పడవలో పక్కబట్టలు, వంట సామాను, నీళ్ల క్యాన్లు చేరాయంటే ఆ కాలి అంచనాలన్నీ తప్పుతాయి. ఆగాల్సిన చోటు కనిపించాక ఆపడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. మలుపు తిరగడం, లారీని దాటడం, రాత్రికి ఎక్కడ దిగాలో తేల్చుకోవడం, మబ్బు పట్టినప్పుడు వెనుదిరగడం, అన్నింటికీ ఇదే వరస. అవసరం మీద పడకముందే నిర్ణయం అయిపోయి ఉండాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది ఈ ఒక్క అలవాటు గురించి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చదువుకునే పిల్లలు, నెల నెలా కట్టాల్సిన వాయిదాలు ఉన్నవాళ్లందరికీ ఇది కావాలి. పడవను లాక్కుంటూ దూరం వెళ్లడం దాన్ని ఒంటికి పట్టేలా నేర్పుతుంది.

చిన్న గది ఉన్న పడవను ట్రైలర్ మీద ఎక్కించి, రాత్రిపూట అందులోనే పడుకుంటూ, మంచి నీటిపట్టు దొరికిన చోట దాన్నే దించి తిరగడం అమెరికా, ఆస్ట్రేలియా కుటుంబాలకు పాత అలవాటు. మన దేశంలో కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చింది. మన తీరంలో పడవతో ఇలాంటి ప్రయాణం ఇంకా అరుదు. పడవలో కాపురం మాత్రం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి ఏటా వందల మంది రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు. అక్కడ బోట్ల మీద కూలికి కుదిరి, రోజుల తరబడి అదే బోటులో వండుకుని, అదే బోటులో నిద్రపోతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలు పట్టుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు అలా వెళ్లినవాళ్లే. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు గుండా తిరిగొచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ సంఘటనే ఆధారం. ఇంకా వెనక్కి వెళ్తే, పూరీలో పెంటకోట అనే పేట నిండా తెలుగు మత్స్యకారులే. వాళ్ల పెద్దలు ఈ తీరం వెంటే ఉత్తరానికి పోయి అక్కడ స్థిరపడ్డారు. కాబట్టి ఈ ప్రయాణానికి గురువులు కావాలంటే దూరం పోనక్కర్లేదు.

బయల్దేరడానికి కళింగపట్నాన్ని ఎంచుకోమని చెప్పడానికి నాకు గట్టి కారణమే ఉంది. ఇక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒకే ఊళ్లో నిదానంగా పారే నీళ్లూ ఉన్నాయి, కెరటమూ ఉంది. ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు, ఇప్పటికీ దీపస్తంభం నిలబడి ఉన్న ఊరు. కాస్త పైకి వెళ్తే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు. వీటన్నింటికన్నా నన్ను ఆకట్టుకునేది పడవ ఒడ్డుకు వచ్చే క్షణం.

ఓ పూట ఇసుకలో నిలబడి జాగ్రత్తగా గమనించండి. పడవ కెరటం మీద ఊగుతూ వస్తూ ఉంటుంది. అడుగు ఇసుకకు తగలడానికి ఇంకా చాలా దూరం ఉండగానే వెనకున్న మనిషి మోటారు కాడను పైకెత్తేస్తాడు. ముందున్నవాడి చేతిలో తాడు అప్పటికే చుట్ట విప్పి ఉంటుంది. పడవ ఆగాక దిగుదామని ఎవరూ కూర్చోరు. మోకాలి లోతు రాగానే ఇద్దరు దూకేస్తారు. వెనక కెరటం వచ్చి తోసే సమయానికి వాళ్ల భుజాలు పడవ అంచుకి ఆనుకుని ఉంటాయి. ఒక్క క్షణం తేడా వస్తే పడవ అడ్డం తిరుగుతుంది, కెరటం లోపలికి వస్తుంది. అక్కడ ఎవరూ కేకలు పెట్టుకోరు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో పడవ కెరటాల్లోకి రాకముందే తేలిపోయింది కాబట్టి ఆ ఒడ్డున ఆదుర్దా కనిపించదు.

మన పనికి వద్దాం. ముందు బరువు.

ఇది ఇంటి దగ్గరే తేలాల్సిన సంగతి. మీ కారు ఎంత బరువు లాగగలదో దానితో ఇచ్చిన పుస్తకంలో చూడండి. అందులో ఆ లెక్క లేకపోతే ఆ బండిని లాగడానికి తయారు చేయలేదని అనుకోవడమే మంచిది. అమ్మేవాళ్ల నోటి భరోసా, ‘మా బావమరిది లాగాడు’ అనే మాటలు లెక్కలోకి తీసుకోకండి. ట్రైలర్‌ను తగిలించే హుక్కు ఛాసిస్‌కి బిగించాలి. బంపర్‌కి తగిలిస్తే ఒక పెద్ద గతుకు చాలు. ఇక కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఇంజిను లేని ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి సొంత రిజిస్ట్రేషను, సొంత నంబరు ఉండాలి. మామూలుగా రోడ్డెక్కే బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. కాబట్టి పడవ కొనేముందే దాని నడుము కొలవండి. ట్రైలర్ తగిలించినప్పుడు జరిగే ప్రమాదానికి మీ బీమా వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

అసలు కీలకం హుక్కు మీద పడే బరువు. చాలామంది మొత్తం బరువు చూసుకుని ఊరుకుంటారు. ఆ బరువు ఎక్కడ కూర్చుందో చూడరు. కావడి మోసేవాడు రెండు కుండల్లో నీళ్లు సమంగా ఉన్నాయో లేదో భుజం మీదకి ఎత్తుకోగానే పసిగడతాడు. ట్రైలర్ విషయంలో మనకా అదృష్టం లేదు. వెనకవైపు బరువెక్కువైనా ఊళ్లో నడుపుతున్నంతసేపూ ఏమీ తెలియదు. హైవే మీద వేగం అందుకున్నాకే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పడవలకి ఈ ముప్పు మరీ ఎక్కువ. మోటారు పుట్టుకతోనే వెనక వేలాడుతూ ఉంటుంది. పెట్రోలు ట్యాంకు కూడా చాలా పడవల్లో వెనకే ఉంటుంది.

దీన్ని కొలవడం తేలిక. హైవే పక్కన లారీలు తూచే వేబ్రిడ్జి కాటా ఏదో ఒకటి దొరుకుతుంది. సామాను మొత్తం ఎక్కించాక ట్రైలర్‌ను అక్కడికి తీసుకెళ్లండి. కారు నుంచి విప్పి ట్రైలర్ ఒక్కదాన్నే తూయండి. తర్వాత కారుకు తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా, కారు కాటా దిగి ఉండేలా నిలిపి మళ్లీ తూయండి. రెండు అంకెల తేడాయే హుక్కు మీద పడుతున్న బరువు. మొత్తంలో దాదాపు పదో వంతు ఉంటే మంచిది. ట్రైలర్ 900 కిలోలైతే హుక్కు మీద 90 కిలోల చుట్టుపక్కల ఉండాలి. ఆ బరువు మీ కారు పుస్తకం ఒప్పుకునే హద్దు దాటకూడదు. లారీ కాటాలు పది ఇరవై కిలోలు అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి లెక్క హద్దుల్లో కొట్టుమిట్టాడుతుంటే సరిపెట్టుకోవద్దు. బ్యాటరీ, నీళ్లు, బియ్యం సంచి, లంగరు, ఇలాంటి బరువైనవన్నీ ఇరుసుకి కొంచెం ముందుగా, అడుగుకి దగ్గరగా సర్దండి. అయినా చాలకపోతే ట్రైలర్ మీద పడవనే కాస్త ముందుకు జరపాల్సి వస్తుంది. అది మెకానిక్ షెడ్డులో చేయించాల్సిన పని, హైవే పక్కన చేసేది కాదు.

నీళ్ల గురించి ఒక్క మాట. లీటరు నీళ్లంటే కిలో బరువు. నలుగురు మనుషులకి రెండు రోజులకు సరిపడా పట్టుకెళ్దామంటే నలభై కిలోలు దాటుతుంది. మన తీరం వెంట ఇరవై లీటర్ల క్యాన్లు దొరకని ఊరు లేదు కాబట్టి ఒక పూటకు చాలినన్ని పెట్టుకుని దారిలో కొనుక్కుంటూ పొండి. సగం నిండిన పెద్ద ట్యాంకు మరీ చేటు. బ్రేకు వేసిన ప్రతిసారీ లోపలి నీళ్లు ముందుకి తోస్తాయి.

పడవను ట్రైలర్‌కి కట్టేటప్పుడు ముందు కొనకి బిగించే బెల్టు మీదే భారం వేయకండి. అక్కడ గొలుసు వేరే ఉండాలి. వెనక రెండు వైపులా కిందికి లాగి పట్టే రాచెట్ బెల్టులు ఉండాలి. బయల్దేరిన పావుగంటకో అరగంటకో ఒకసారి ఆగి అన్నీ మళ్లీ బిగించండి. గతుకులకి పడవ తన చోట సర్దుకుని కూర్చుంటుంది, బెల్టు వదులవుతుంది. కళింగపట్నం నుంచి బయల్దేరినవాళ్లకి గార దాటకముందే ఈ పని అయిపోవాలి.

ఇప్పుడు అందరూ భయపడే ఘట్టం, వెనక్కి నడపడం.

ట్రైలర్ తగిలించిన కారుని రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురుగా పోతుంది. దీనికో చిన్న ఉపాయం ఉంది. స్టీరింగ్ చక్రం కింది భాగాన్ని ఒంటి చేత్తో పట్టుకోండి. ఆ చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. కదపడం కూడా చాలా కొంచెం. ట్రైలర్ వంకరపోతోందని మీ కంటికి పూర్తిగా ఆనేసరికి సరిదిద్దే అవకాశం చేజారిపోతుంది. అలాంటప్పుడు ఇంకా తిప్పి సరిచేద్దామని పంతం పట్టకండి. ముందుకి వెళ్లి, తిన్నగా చేసుకుని, మళ్లీ మొదలుపెట్టండి. ఊరి బయట ఖాళీ మైదానంలో రెండు ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని, వాటి మధ్యకి తీసుకురావడం ఆదివారాలు సాధన చేయండి. ప్రయాణం రోజున నేర్చుకుందామనే ఆలోచనే వద్దు.

వెనక నిలబడి దారి చూపేవాళ్లతో వచ్చే తగాదా వేరే. ఇది చాలా కాపురాల్లో చూశాను. భార్య వెనక నిలబడి ‘కుడికి తిప్పండి’ అంటుంది. లోపల్నుంచి ఆయన, ‘ఎవరి కుడికి?’ ‘మీ కుడికేనండీ!’ ‘ట్రైలర్ కుడికా, స్టీరింగ్ కుడికా?’ ఈలోగా ట్రైలర్ కాలవ గట్టు ఎక్కేసి ఉంటుంది. ఆ కోపం మధ్యాహ్నం భోజనం దాకా సాగుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు. మాటలు ముందే కుదుర్చుకోలేదు, అంతే. తీరం ఊళ్లలో దీనికి మంచి మార్గం ఉంది. కుడీ ఎడమా వదిలేసి, చుట్టూ ఉన్నవాటి పేర్లు చెప్పండి. ‘సముద్రం వైపుకి’, ‘కొబ్బరిచెట్ల వైపుకి’, ‘గుడి వైపుకి’. ట్రైలర్ తోక ఎటు రావాలో మాత్రమే చెప్పండి. స్టీరింగ్ ఎటు తిప్పాలో నడిపేవాళ్లు చూసుకుంటారు. ‘ఆగు’ అనే మాటకి మాత్రం ఎదురు ఉండకూడదు. అది వినబడగానే కాలు బ్రేకు మీద పడాలి, ఎందుకని అడగడం ఆ తర్వాత. ఆ మాట అనే హక్కు పదేళ్ల పిల్లకీ ఉండాలి. వెనక బావి గట్టుందో, మేకపిల్ల ఉందో ముందుగా చూసేది చాలాసార్లు ఆ పిల్లే. ఇంటి పెద్దను ‘ఆగు’ అని ఆపే హక్కు ఇంట్లో మిగతావాళ్లకి ఉందా అని ఆలోచించుకోవాల్సిన సందర్భాలు రోడ్డు మీదకన్నా ఇంట్లోనే ఎక్కువ. డబ్బు అప్పు తెచ్చే ముందు, పొలం అమ్మే ముందు, పిల్లల చదువు మార్చే ముందు ఆ మాట ఎవరైనా అనగలుగుతున్నారా?

రోడ్డు మీద నడక గురించి చెప్పాల్సింది తక్కువే. ముందు బండి ఏదైనా కిలోమీటరు రాయి దాటాక, మీరు ఆ రాయి దగ్గరకి చేరేలోపు నిదానంగా ఐదు అంకెలు లెక్కపెట్టగలగాలి. పల్లం దిగేటప్పుడు గేరు ముందే తగ్గించుకోండి. దిగడం మొదలయ్యాక బ్రేకు మీదే ఆధారపడితే అది కాలిపోతుంది. మలుపులో ట్రైలర్ చక్రాలు లోపలివైపుకి కోసుకుంటూ వస్తాయి కాబట్టి వెడల్పుగా తిరగండి. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు గాలి ముందు నెడుతుంది, ఆ వెంటనే లాగుతుంది. ఎప్పుడైనా ట్రైలర్ ఊగడం మొదలుపెడితే స్టీరింగ్‌ని తిన్నగా గట్టిగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. ఊపుకి ఎదురు తిప్పడం, కారు బ్రేకు తొక్కడం, వేగం పెంచి తప్పించుకోవాలనుకోవడం, మూడూ ప్రమాదమే. ఊపు తగ్గాక పక్కకి ఆపి సామాను మళ్లీ సర్దండి. ఒకసారి ఊగిందంటే మీ బరువుల లెక్కలో తేడా ఉన్నట్టే. ఆ తేడా దిద్దకుండా ముందుకి పోవద్దు.

దారి ఎటు? నేనైతే ఉత్తరానికి పొమ్మంటాను. కళింగపట్నం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి టెక్కలి దగ్గర తేలినీలాపురం. చలికాలంలో అక్కడ చింతచెట్ల మీద గూడబాతులు కాపురం పెడతాయి. ఆ పైన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలు, బారువ, ఇచ్ఛాపురం. ఒడిశాలోకి దాటాక చిలికా ఒడ్డున రంభ. చిలికా ఉప్పునీటి సరస్సు, లోతు తక్కువ, సముద్రపు కెరటం ఉండదు. మొదటిసారి పడవను నీళ్లలోకి దించేవాళ్లకి అంతకన్నా మంచి చోటు ఈ దారిలో లేదు. సరస్సు మధ్యలో నలబన పక్షుల అభయారణ్యం ఉంది. ఎటు వెళ్లవచ్చో, ఎటు వెళ్లకూడదో అక్కడి అధికారులను కనుక్కోండి. రోజుకి 200 కిలోమీటర్లకి మించి పెట్టుకోవద్దు. సాయంత్రం నాలుగింటికల్లా దిగాల్సిన చోటుకి చేరాలి. తెలియని ఊళ్లో, చీకట్లో, ఆకలి మీద ఉన్నప్పుడు ట్రైలర్‌ను వెనక్కి తిప్పడమంత చెడ్డ పని ఇంకోటి లేదు.

దిగే చోటు గురించి ముఖ్యమైన మాట. ఖాళీగా కనిపించే ఒడ్డు ఖాళీ ఒడ్డు కాదు. మీరు నిలబెట్టదలచిన చోటే తెల్లవారుజామున అలివి వల లాగే చోటు కావచ్చు, పడవలు ఎక్కించే బాట కావచ్చు, చేపలు ఎండబెట్టే చోటు కావచ్చు. ‘ఇక్కడెట్టకండి బాబూ, తెల్లారగట్ల వలొస్తాది’ అని ఎవరో వచ్చి చెప్పేదాకా ఉండకండి. కారు దిగగానే, ట్రైలర్ ఇసుక వైపు తిప్పకముందే, ఊరి పెద్దల దగ్గరకి నడిచి వెళ్లి అడగండి. వాళ్లు చూపించే చోటు మీకు అంత అందంగా కనిపించకపోవచ్చు. పోటు ఎక్కడిదాకా వస్తుందో, రాత్రి గాలి ఎటు తిరుగుతుందో వాళ్లకి తెలుసు. ఆ చోటు మీకు మంచిదే అవుతుంది.

రాత్రి పడవలో నిద్రకి రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, కారు నుంచి విప్పేసిన ట్రైలర్ మీదున్న పడవలో అందరూ వెనకవైపుకి చేరితే ముందు భాగం లేచి అది వెనక్కి పడుతుంది. విప్పకుండా ఉంచితే సరే. విప్పితే మాత్రం వెనక కింద రెండు గట్టి జాకీలు పెట్టి, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు వేయాలి.

రెండోది గ్యాసు. దీని గురించి నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వంట గ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, కిందకి జారి నేల మీద పేరుకుంటుంది. అందుకే క్యారవాన్లు కట్టేవాళ్లు నేలలో గాలి పోయే రంధ్రాలు పెడతారు. పడవ అడుగుకి అలాంటి గాలి రంధ్రాలుండవు. నీళ్లు లోపలికి రాకుండా మూసిన ఆ అడుగే గ్యాసును బయటికి పోనివ్వదు. రాత్రంతా కొంచెం కొంచెంగా కారిన గ్యాసు చెక్కల కింద చేరి ఉంటుంది. పొద్దున్నే టీ పెడదామని లైటర్ నొక్కినప్పుడు ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెట్రోలు ఆవిరి కూడా ఇలాగే అడుక్కి చేరుతుంది. కాబట్టి పొయ్యి ఎప్పుడూ పడవ బయటే, ఒడ్డు మీదే. సిలిండరు ట్రైలర్ ముందు భాగంలో గాలి తగిలే చోట నిలువుగా బిగించి ఉండాలి. వంట అయిన వెంటనే రెగ్యులేటర్ కట్టేయాలి. చలికాలం రాత్రి పిల్లలకి వెచ్చగా ఉంటుందని కుంపటి లోపల పెట్టడం అస్సలు వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమతెర కట్టుకోండి, కిటికీ తెరిచి పడుకోండి, మన తీరంలో అది చాలు.

ఇక మబ్బు.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ తీరానికి తుఫాన్లు ఎక్కువ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన, దగ్గర్లోనే తీరం దాటింది. ఆ రోజు ఒడిశాలో కొత్తగా కొన్న పడవను సముద్రం మీదుగా ఇంటికి తెచ్చుకుంటున్న వజ్రపుకొత్తూరు వైపు మత్స్యకారులు దారిలోనే తుఫానుకి చిక్కుకున్నారు. వాళ్లలో కొందరు ఒడ్డు చేరలేకపోయారు. పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ల మీదే బతికినవాళ్లకే ఆ కష్టం వచ్చిందంటే, సెలవులకి వచ్చిన మనకి ఎంత జాగ్రత్త కావాలి?

విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే సమాచారం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల ఎత్తు సూచన ప్రతి ఉదయం చూడండి. కళింగపట్నం రేవుకి ఏ నంబరు హెచ్చరిక ఎగరేశారో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అంతకన్నా ముఖ్యం, వెనక్కి వచ్చే షరతులు బయల్దేరకముందే ఒక కాగితం మీద రాసి, అందరూ చూసేలా కారు అద్దానికి లోపల అంటించండి. మత్స్యకారులను వేటకి వెళ్లొద్దన్న రోజు పడవ నీళ్లలోకి దిగదు. అల్పపీడనం వాయుగుండంగా మారిందంటే ఆ పూటే తీరం వదిలి లోపలి ఊరికి వెళ్లిపోతాం. ఇలా రెండు మూడు వాక్యాలు చాలు. ఎందుకు రాయాలంటే, ఆ రోజు వచ్చేసరికి నిర్ణయం తీసుకునేది మీరు ఒక్కరే కాదు. పెట్టిన ఖర్చు, నెల ముందే అడిగి తెచ్చుకున్న సెలవు, చిలికా చూడాలన్న పిల్లల సరదా అన్నీ మీ పక్కనే కూర్చుని మాట్లాడతాయి. ‘ఇంకో గంట చూద్దాం’ అని అవి అంటాయి. ప్రశాంతంగా ఉన్న రోజున మీరు రాసుకున్న వాక్యం ఆ గంటను ఒప్పుకోదు. మొదటి ప్రయాణానికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లవారుజామున హైవే మీద మంచు కమ్ముతుంది కాబట్టి ఎండ వచ్చాకే బయల్దేరండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఒడ్డంతా ఎక్కించిన పడవలతో నిండి ఉంటుంది. ఆ రోజుల్లో మీ ట్రైలర్‌కి చోటడగకపోవడమే మర్యాద.

పడవను నీళ్లలోకి దించే చోటుకి చేరగానే దించేయాలనిపిస్తుంది. ఆగండి. దిగి, చక్రం మధ్యలో బేరింగు ఉన్న చోట చెయ్యి ఆనించి చూడండి. వంద కిలోమీటర్లు తిరిగిన బేరింగు వేడిగా ఉంటుంది. ఆ వేడి మీదే నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది. గ్రీజు పాడవుతుంది, తుప్పు పడుతుంది. ఏ నెల తర్వాతో హైవే మీద చక్రం పట్టేసుకున్నప్పుడు దానికి కారణం ఈ రేవు దగ్గరి తొందర అని ఎవరికీ తట్టదు. మరో చక్రం కన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే అది మెకానిక్‌కి చూపించాల్సిన చక్రం. చల్లారేదాకా అరగంట పడుతుంది. ఆ అరగంటలో చేయాల్సినవి చాలా ఉన్నాయి. పడవ అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా బిగించాలి. ట్రైలర్ దీపాల వైరు కారు నుంచి ఊడదీయాలి. వెనక బెల్టులు విప్పాలి. ముందు గొలుసు మాత్రం పడవ తేలేదాకా అలాగే ఉంచాలి. లైఫ్ జాకెట్లు ఒడ్డు మీదే తొడుక్కోవాలి, పడవెక్కాక కాదు.

వంశధార మొగ దగ్గర దించదలిస్తే నది వైపు నీళ్లలోనే ఉండండి. మొగలో ఇసుకమేట ఎక్కడుంటుందో ఏడాదికోసారి, ఒక్కో వరదకోసారి మారిపోతుంది. నదీ సముద్రమూ ఎదురెదురుగా వచ్చే చోట చిన్న పడవ తిరగబడటం తేలిక. ఆ ఊరి మత్స్యకారులు ఎవరైనా ‘వొద్దు బాబూ, ఇయ్యేళ నీరు బాగులేదు’ అంటే కారణం అడగొచ్చు గానీ బేరం ఆడొద్దు.

సాయంత్రం పడవను మళ్లీ ట్రైలర్ మీదకి ఎక్కించాక ఒడ్డు మీదే బిరడా తీసేయండి. ముందు కొన కాస్త ఎత్తుగా ఉంటే లోపల చేరిన నీళ్లన్నీ కారిపోతాయి. ఆ నీళ్లతోనే రోడ్డెక్కితే పొద్దున్న కాటా మీద తేల్చుకున్న లెక్క తప్పుతుంది. బరువంతా తోక దగ్గరకి చేరుతుంది. చక్రాలు, ఇరుసు, బెల్టుల కొక్కేలు, బ్రేకులు మంచినీళ్లతో కడగండి. బేరింగులకి గ్రీజు కొట్టండి. వైరు తగిలించి, వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా నిలబెట్టి చూపించుకోండి. ఆ రాత్రి పక్క పరవబోయే ముందు చెక్కలు ఎత్తి, పడవ అడుగు పొడిగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి.